పోయిన దవడ పన్ను చోట ఇంప్లాంట్: పీకించే రోజు నుంచి క్యాప్ బిగించేదాకా

ఇంప్లాంట్ అనగానే అందరి చూపూ ఎముకలోకి దించే స్క్రూ మీదే ఉంటుంది. ఏ కంపెనీది, ఎంతవుతుంది, ఎన్నేళ్ళ గ్యారంటీ అని అడుగుతారు. చెయ్యి తిరిగిన డాక్టరుకు ఒక్క స్క్రూ దించడం గంటలోపు పని. చెడేది చాలావరకు అంతకుముందు వేసిన ప్లానులోనో, ఆ తర్వాత శుభ్రం చేసుకోవడంలోనో చెడుతుంది. అందుకే ప్లాను పైనుంచి కిందికి వెయ్యాలి. క్యాప్ ఎక్కడ కూర్చోవాలి, ఎంత ఎత్తు రావాలి, దాని పక్కన చిన్న బ్రష్ దూరే సందు ఉంటుందా అని ముందు తేల్చుకుని, దానికి తగ్గట్టు స్క్రూ చోటు నిర్ణయించాలి. ఎముక దొరికిన చోట స్క్రూ దించేసి, దానిమీద ఎలాగోలా క్యాప్ నిలబెడితే అన్నం ఇరుక్కుంటుంది, చిగురు వాస్తుంది, కొన్నాళ్ళకు ఎముక కూడా కరిగిపోతుంది.

ఇక్కడ ఒక్క ఉదాహరణే తీసుకుందాం: కింది దవడలో మొదటి పెద్ద దవడ పన్ను. ఆరేళ్ళ వయసులో వచ్చే శాశ్వత పన్ను ఇది. పాలపన్నే కదా, ఊడిపోయేదే కదా అని ఇంట్లో పట్టించుకోరు. దాంతో ముందుగా పుచ్చేదీ, ముందుగా పీకించాల్సి వచ్చేదీ చాలాసార్లు అదే అవుతుంది.

అసలు ఇంప్లాంట్ కావాలా

పోయిన పంటికి అటూ ఇటూ ఉన్న పళ్ళకు ఎలాగూ రూట్ కెనాల్ అయ్యి క్యాపులు వెయ్యాల్సి ఉంటే బ్రిడ్జి, అంటే ఆ రెండు క్యాపుల మధ్య కొత్త పన్నును వేలాడదీయడం, మంచి పనే. ఆ రెండూ చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం మధ్యలో ఒక్క పన్ను కోసం రెండు మంచి పళ్ళను అరగదీయడం నష్టం. తీసి పెట్టుకునే సెట్టు చవకే కానీ, ఒక్క దవడ పంటి కోసం దాన్ని రోజూ పెట్టుకునేవాళ్ళు తక్కువ. పోయింది అన్నిటికంటే వెనకున్న పన్నైతే, నమలడానికి ఇబ్బంది లేకపోతే, ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు. ఆ మాట చెప్పే డాక్టరును నమ్మొచ్చు.

మొదటి దవడ పన్ను చోటును మాత్రం ఏళ్ళ తరబడి వదిలెయ్యకూడదు. వెనక పన్ను ముందుకు వాలుతుంది, పైపన్ను ఖాళీలోకి దిగుతుంది. ఇంప్లాంట్ తల నుంచి పైపంటి దాకా ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే క్యాప్‌కు ఇబ్బంది ఉండదు. పైపన్ను బాగా దిగిపోయాక వస్తే దాన్ని అరగదీయాలి, లేదా క్లిప్పులతో పైకి లాగాలి. ఇంప్లాంట్‌కు పెట్టే ఖర్చుకు తోడు ఇదొకటి.

పన్ను పోయాక ఎముక గట్టు కూడా కరుగుతుంది. వెడల్పులో దాదాపు సగం మొదటి ఏడాదిలోనే తగ్గిపోతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో పోతుంది. కాబట్టి ఇంప్లాంట్ ఆలోచన ఉంటే పీకేముందే చెప్పాలి. అప్పుడు డాక్టరు వేళ్ళను విడగొట్టి ఒక్కొక్కటిగా తీస్తారు, ఎముక గోడ విరగదు. అవసరమైతే గుంతలో ఎముక పొడి నింపి కుట్టేస్తారు. చీము లేకుండా, నాలుగు గోడలూ నిలిచి ఉంటే పీకిన రోజే స్క్రూ దించొచ్చు. అయితే దవడ పంటి గుంత వెడల్పు, స్క్రూకు పట్టు దొరకడం కష్టం. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాలకో, మూడు నాలుగు నెలలకో పెట్టడమే ఎక్కువ. "ఒక్కరోజులో పన్ను" అనే బోర్డు ముందు పళ్ళకు కొన్నిసార్లు వర్తిస్తుంది, దవడ పంటికి అరుదు.

వయసు పైబడిందని ఆపక్కర్లేదు. చిన్న వయసైతేనే ఆగాలి. దవడ ఎదుగుదల పూర్తికాకముందు పెడితే చుట్టూ పళ్ళు పైకి వస్తాయి, ఇంప్లాంట్ కిందే ఉండిపోతుంది. ఆడపిల్లలకు 18 దాటాలి, మగపిల్లలకు ఇంకో రెండు మూడేళ్ళు ఆగడం మేలు.

డాక్టరుకు దాచకూడనివి

షుగర్ ఉంటే ఆరోజు ఉదయం పరగడుపున చూసిన అంకె చాలదు. మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 7 దగ్గర ఉంటే నిశ్చింత. 8 దాటితే ముందు షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్ళడమే మంచిది. ఆపరేషన్ రోజు షుగర్ మందులు వేసుకుని టిఫిన్ మానేయొద్దు. కుర్చీలో కళ్ళు తిరిగేది సాధారణంగా అలాంటప్పుడే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా ఆపకూడదు. ఒక పంటి దగ్గర కారే రక్తాన్ని గుడ్డ అదిమి, కుట్టు వేసి ఆపొచ్చు, గుండె స్టెంట్‌లో గడ్డ కడితే అలా ఆపలేం. వార్ఫరిన్ వాడేవాళ్ళు ముందురోజు రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకెళ్ళాలి.

ఎముకలు గుల్లబారాయని వారానికో అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి సెలైన్‌లో జోలెడ్రోనిక్ ఆమ్లం, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్... ఇంట్లో పెద్దవాళ్ళు వీటిని "కాల్షియం మందులు" అని చెప్పేస్తారు. చీటీ చూపించండి. ఈ మందులు వాడేవాళ్ళలో కొద్దిమందికి దవడ ఎముక గాయం మానకుండా చచ్చుపడుతుంది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో తీసుకుంటున్నవాళ్ళకు సాధారణంగా ఇంప్లాంట్ పెట్టరు. అలాగని డెనోసుమాబ్‌ను మీ అంతట మీరు ఎగ్గొట్టొద్దు. అది ఉన్నట్టుండి ఆపితే వెన్నుపూసలు విరిగే ముప్పుంది. ఎప్పుడు చెయ్యాలో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి.

పొగ తాగేవాళ్ళలో ఇంప్లాంట్లు ఊడిపోయే అవకాశం దాదాపు రెట్టింపు. కనీసం వారం ముందు ఆపి, పెట్టాక రెండు నెలలు ముట్టకపోతే ఎముక పట్టుకునే సమయం దాటుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటున్నవాళ్ళు ముందు అంగిలి చూపించుకోవాలి. అక్కడ తెల్లమచ్చో ఎర్రమచ్చో పుండో ఉంటే ముక్క పరీక్షకు పంపి, ఆ సంగతి తేలాకే పళ్ళ మాట. గుట్కా, ఖైనీ వాడేవాళ్ళకు ఇంకో అడ్డంకి: నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టకపోతే దవడ చివర డ్రిల్లు నిటారుగా నిలబెట్టడం కష్టం.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే, పళ్ళు కదులుతుంటే, వాటి వైద్యం ముందు పూర్తికావాలి. ఆ క్రిములే కొత్త ఇంప్లాంట్ చుట్టూ చేరతాయి.

స్కాన్‌లో కొలతలు

దవడ మొత్తం తీసే ఓపీజీ ఎక్స్‌రే మొదటి చూపుకు సరిపోతుంది. అందులో బొమ్మ అసలు కంటే పెద్దగా పడుతుంది, వెడల్పు కనిపించదు. కింది దవడ పంటికి సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించాలి. ఎందుకంటే కింద పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఆ పళ్ళ వేళ్ళ కిందుగానే పోతుంది.

స్కాన్ తెర మీద చూపించి ఈ లెక్క చెప్పమని అడగండి. గట్టు పైనుంచి నరం దాకా 13 మి.మీ. ఉందనుకోండి. నరానికి 2 మి.మీ. దూరం వదలాలి, మిగిలింది 11. డ్రిల్లు మొన స్క్రూ కంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు లోతుకు పోతుంది. కాబట్టి 10 మి.మీ. పొడవు స్క్రూ సురక్షితం, 11.5 కాదు. వెడల్పు సంగతి: 4.5 మి.మీ. లావు స్క్రూకు బుగ్గవైపూ నాలుకవైపూ చెరో 1.5 మి.మీ. ఎముక మిగలాలంటే గట్టు 7.5 ఉండాలి. పక్క పంటి వేరుకు కూడా కనీసం 1.5 దూరం. రెండు పళ్ళు వరసగా పోయి రెండు ఇంప్లాంట్లు పెడుతుంటే వాటి మధ్య 3 మి.మీ. వదలాలి. అంతకంటే దగ్గరైతే మధ్య ఎముక కరిగి, చిగురు దిగిపోయి నల్లటి సందు పడుతుంది.

కింది దవడలో నాలుకవైపు ఎముక లోపలికి గుంటగా ఉంటుంది. డ్రిల్లు ఆ గోడను పొడుచుకుని బయటికి వస్తే నాలుక కింద రక్తం చేరి ఊపిరికే అడ్డం పడొచ్చు. అరుదే, కానీ స్కాన్ లేకుండా ఈ పంటి చోట డ్రిల్లు పెట్టనివ్వకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. పై దవడలో గొడవ వేరు. అక్కడ గట్టు మీద సైనస్ గది ఉంటుంది, ఎత్తు చాలకపోతే దాని అడుగు పొరను పైకి లేపి ఎముక పొడి నింపాలి.

ఖర్చు చీటీలో ఏమేం ఉండాలి

"ఇంప్లాంట్ ఇంత" అన్న అంకెలో చాలాసార్లు ఎముకలో దిగే ఫిక్చర్ ఒక్కటే ఉంటుంది. విడిగా రాయించుకోండి: స్కాన్, ఫిక్చర్, చిగురు మానేదాకా ఉండే హీలింగ్ క్యాప్, ఫిక్చర్‌కూ పై క్యాప్‌కూ మధ్య బిగించే అబట్మెంట్, దాని స్క్రూ, పైన వచ్చే క్యాప్, అవసరమైతే ఎముక పొడి, దానిపై పొర. ఫిక్చర్ స్ట్రామన్, నోబెల్ బయోకేర్, ఆస్టెమ్, డెంటియం ఏదైనా కానీ, అబట్మెంట్ అదే కంపెనీదా, దానికి సరిపడేలా ఇంకొకరు చేసిందా అని అడగాలి. జోడు సరిగ్గా కుదరకపోతే లోపలి స్క్రూ మాటిమాటికీ వదులవుతుంది, ఒక్కోసారి విరిగి లోపలే ఉండిపోతుంది.

ఎముక పొడి గురించి ముందే అడగాల్సిన మాట ఇంకొకటుంది. ఎక్కువగా వాడే పొడి ఆవుజాతి పశువుల ఎముకతో చేసింది. పైన కప్పే పొర చాలావాటిలో పంది లేదా పశువు నుంచి తీసిన కొలాజెన్. శాకాహారులకూ, మతపరంగా పట్టింపు ఉన్నవాళ్ళకూ ఇది చిన్న విషయం కాదు, కుట్లు పడ్డాక తెలిస్తే చేసేదేం లేదు. కృత్రిమంగా చేసిన పొడులున్నాయి, మీ ఎముకే కొంచెం గీకి వాడొచ్చు, మీ రక్తం నుంచి తీసిన ఫైబ్రిన్ పొర కప్పొచ్చు. పెట్టె మీద ఏం రాసుందో చూపించమనడంలో మొహమాటం అక్కర్లేదు.

స్క్రూ దించే రోజు

మామూలు మత్తు ఇంజెక్షనే, పన్ను పీకేటప్పుడు ఇచ్చేదే. చిగురు కోసి తెరుస్తారు, సన్నటి డ్రిల్లుతో 2 మి.మీ. లావు రంధ్రం చేస్తారు. అందులో చిన్న పిన్ను నిలబెట్టి ఎక్స్‌రే తీసి దిశ సరిచూస్తారు. ఈ ఎక్స్‌రే ఎగ్గొట్టకూడదు, దిశ మార్చుకునే అవకాశం అప్పటిదాకే. తర్వాత ఒక్కో సైజు పెంచుతూ రంధ్రాన్ని వెడల్పు చేస్తారు. అంతసేపూ చల్లటి సెలైన్ ధారగా పడాలి. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం భరిస్తే చాలు, అక్కడి కణాలు చచ్చిపోతాయి. కింది దవడ ఎముక గట్టిది, అరిగిపోయిన డ్రిల్లు అందులో కోయకుండా రాచుకుంటుంది. రెండు మూడు వారాల్లో కారణం లేకుండా నొప్పి పెట్టి ఊడివచ్చే ఇంప్లాంట్ల వెనక ఈ వేడే ఉండొచ్చు.

స్క్రూ బిగువును న్యూటన్ సెంటీమీటర్లలో కొలుస్తారు. 35 దగ్గర ఆగితే మంచి పట్టు. ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. మరీ బిగిస్తే చుట్టూ ఎముక నలిగి కరుగుతుంది. పట్టు బాగుంటే హీలింగ్ క్యాప్ పైకి కనబడేలా పెడతారు, అంతంతగా ఉంటే స్క్రూ తల మూసి చిగురు కుట్టేస్తారు, మళ్ళీ చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది.

మత్తు సాయంత్రానికల్లా వదలాలి. కింద పెదవి, గడ్డం మొద్దుబారినట్టే ఉంటే మర్నాటిదాకా చూద్దామనుకోవద్దు, ఆ రాత్రే ఫోన్ చెయ్యండి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే మొదటి రోజులోనే వెనక్కి తిప్పడమో, తీసెయ్యడమో చేస్తే స్పర్శ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

మొదటి రెండు వారాలు

మొదటి రోజు పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం వద్దు. గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. బుగ్గ మీద ఐసు పది నిమిషాలు పెట్టి పది నిమిషాలు తీస్తూ ఉండండి. వాపు రెండో మూడో రోజున ఎక్కువవుతుంది, అది మామూలే. నాలుగో రోజు తర్వాత పెరిగితే, జ్వరం వస్తే, చెడు రుచి తగిలితే మామూలు కాదు.

రెండో రోజు నుంచి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ., రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు. పేస్టుతో తోముకున్న వెంటనే పోసుకుంటే పనిచెయ్యదు, అరగంట ఎడం ఉండాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు పడుతుంది, కాఫీ టీలు తోడైతే మరీను.

తిండి: పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పన్నం, ఇడ్లీ, గోరువెచ్చటి రాగిజావ. ఆవకాయ కారం కుట్ల మీద మంట, నువ్వుల పొడి, ఆవాలు కుట్లలో ఇరుక్కుంటాయి. జంతికలు, సకినాలు, చెగోడీలు, బొమికలు రెండో వైపు కూడా కొన్నాళ్ళు మానేయండి. కుట్లు వారం పది రోజులకు తీస్తారు.

ఎదురుచూపు, తర్వాత క్యాప్

స్క్రూ దించిన రోజు ఉన్న పట్టు మరచుట్టు పట్టు మాత్రమే. రెండు మూడు వారాల నాటికి పాత ఎముక కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడక పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, మనిషి ఆ వైపు నమలడం మొదలుపెడతాడు. కింది దవడకు రెండు మూడు నెలలు, పై దవడకు మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. టైటానియంను ఎముక తనలో కలుపుకుంటుందని చూపించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగికి పెట్టిన స్క్రూలు, ఆ మనిషి 2006లో చనిపోయేదాకా పనిచేశాయి. ఆయన నెలల తరబడి ఆగాకే వాటిమీద పళ్ళు పెట్టారు.

కొలత తీసేముందు ఇంప్లాంట్ కదలకూడదు, తడితే నొప్పి ఉండకూడదు. క్యాప్ సిమెంటుతో అతికించేదా, పైనుంచి స్క్రూతో బిగించేదా అని అడగండి. దవడ పంటికి స్క్రూదే మేలు. చిగురు కిందికి జారిన సిమెంటు ముక్క కంటికి కనబడదు, అక్కడే చీముకు మొదలు. పైగా రేపు వదులైతే స్క్రూ క్యాప్‌ను పగలగొట్టకుండా తీయొచ్చు.

బిగించిన రోజు నాలుగు చూసుకోవాలి. అబట్మెంట్ పూర్తిగా కూర్చుందో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది, గీతంత సందు కనిపించినా మళ్ళీ బిగించాలి. స్క్రూను టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన అంకెకు, చాలావాటికి 30 నుంచి 35కు, బిగించి, పది నిమిషాలు ఆగి మరోసారి బిగించాలి, మొదటి బిగువు కాస్త సడలుతుంది కాబట్టి. పక్క పళ్ళ మధ్య ఫ్లాస్ దారం టక్కుమని దిగాలి, జారిపోతే అన్నం ఇరుక్కుంటుంది. నాలుగోది కాటు. సొంత పంటి వేరు చుట్టూ కారు స్ప్రింగులా ఒదిగే పొర ఉంటుంది, ఇంప్లాంట్‌కు ఉండదు. కాబట్టి సన్నటి రేకు పెట్టి మెల్లగా కరిస్తే ఇంప్లాంట్ దగ్గర అది జారి రావాలి, గట్టిగా కరిస్తేనే పట్టుకోవాలి. రాత్రి పళ్ళు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ చేయించుకోవాల్సిందే.

రంగు పగటి వెలుగులో చూడాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ మరకలున్న పళ్ళ మధ్య మెరిసే తెల్ల క్యాప్ పెడితే దూరం నుంచే తెలిసిపోతుంది. ఫోటో పంపిస్తే ల్యాబ్‌లో ఆ మరకల్ని కూడా దిద్దగలరు.

సెలవుల మీద వచ్చేవాళ్ళకు

అమెరికా, గల్ఫ్ నుంచి మూడు వారాలకు వచ్చి స్క్రూ, క్యాప్ రెండూ అయిపోవాలంటే తొందరపడాల్సి వస్తుంది. రెండు రాకలుగా పెట్టుకోండి: ఈసారి స్క్రూ, కుట్లు తీసేదాకా ఉండటం, వచ్చే సెలవుల్లో క్యాప్, దానికి పది రోజులు. ఇంప్లాంట్ పెట్టె మీద ఉండే స్టిక్కర్ తప్పకుండా అడిగి తీసుకోండి. కంపెనీ, మోడల్, లావు, పొడవు, లాట్ నంబరు అందులో ఉంటాయి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం డ్రైవరు. ఆ చీటీ లేకపోతే వేరే దేశంలో ఏ డాక్టరైనా ఎక్స్‌రే చూసి ఊహించాల్సిందే. అక్కడ దొరకని కంపెనీదైతే చిన్న మరమ్మతుకు కూడా విమానం ఎక్కాలి.

తర్వాత

ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, చిగురు జబ్బు మాత్రం పడుతుంది. సొంత పంటికంటే వేగంగా ముదురుతుంది, నొప్పి ఉండదు. బ్రష్ తగిలితే రక్తం రావడం మొదటి గుర్తు, ఆ దశలో శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. ఎముక కరగడం మొదలయ్యాక పాత స్థితి రాదు. రోజూ రాత్రి క్యాప్‌కు రెండు పక్కలా సన్నటి సందు బ్రష్ దూర్చండి, తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నది కొనండి. క్యాప్ పెట్టిన రోజూ, ఏడాదికీ ఎక్స్‌రే తీయించి రెండూ దాచుకోండి, ఎముక ఎంత దిగిందో పోల్చడానికి అవే ఆధారం. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

క్యాప్ కొంచెం కదిలినట్టు అనిపిస్తే గుండె జారిపోనక్కర్లేదు. ఎక్కువసార్లు వదులయ్యేది లోపలి చిన్న స్క్రూ, పై పూత తీసి పది నిమిషాల్లో బిగిస్తారు. అలా కదులుతూనే నెలల తరబడి నమిలితే మాత్రం ఆ స్క్రూ విరుగుతుంది. క్యాప్ ఊడి చేతికొస్తే కడిగి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, ఇంట్లో ఫెవిక్విక్‌తో అతికించే ప్రయత్నం చెయ్యొద్దు. కింద ఉన్న ఫిక్చరే కదులుతుంటే అది ఎముకను వదిలేసిందన్నమాట. దాన్ని తీసేసి, గుంత మానాక, ఎముక మిగిలి ఉంటే మూడు నాలుగు నెలలకు మళ్ళీ పెట్టొచ్చు.